పదిహేనో మనిషి

ఆ సోమవారం ఉదయం ఆర్డిస్ హాగెన్ వంటింటి బల్ల ముందు కూర్చుని, పదిహేను పేర్లున్న జాబితాను మూడోసారి లెక్కపెట్టుకుంది. పద్నాలుగు పేర్లకు ఎదురుగా టిక్కులు పడ్డాయి. పదిహేనో పేరు వాళ్ళాయనది. వాళ్ళాయన వెర్లిన్ ఎదుటి కుర్చీలోనే కూర్చుని, కాల్చిన రొట్టెకు వెన్న రాసుకుంటూ, రేడియోలో మాట్లాడుతున్న గవర్నరును వెక్కిరిస్తున్నాడు.

"ఈయన్ని టైమెంతయిందని అడిగి చూడు. కమిటీ వేస్తాడు."

"వెర్లిన్, ఇటు చూడు. సాయంత్రం ఏడింటికి ఎక్కడుంటావు?"

"బళ్ళో."

"బళ్ళో ఎక్కడ?"

"నీ మూల. బాస్కెట్‌బాల్ బుట్ట కింద, మీ సెనేటరమ్మ బొమ్మ పక్కన."

"నోరు?"

"మూసుకుని," అన్నాడు వెర్లిన్ రొట్టె నములుతూ. ఆర్డిస్ పదిహేనో పేరుకు టిక్కు పెట్టలేదు. నలభై మూడేళ్ళ కాపురం ఆవిడకు ఆ మాత్రం జాగ్రత్త నేర్పింది.

అయొవాలో అధ్యక్ష ఎన్నికల తొలి మెట్టు చీటీలు వేసి తేల్చేది కాదు, కాళ్ళ మీద నిలబడి తేల్చేది. దాన్ని కాకస్ అంటారు. ఫిబ్రవరి చలిలో వార్డు జనమంతా ఒక బళ్ళో చేరి, ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలలో వాళ్ళు నిలబడితే తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను తలలు రాని మూల రద్దు. ఆర్డిస్ ఇప్పటికి నాలుగు ఎన్నికల్లో నలుగురు అభ్యర్థులకు మూల పట్టింది. నాలుగుసార్లూ పదిహేను రాలేదు. ఒకసారి పదమూడు, ఒకసారి తొమ్మిది, రెండుసార్లు చెప్పుకోకపోవడమే మర్యాద. "ఆర్డిస్ మెచ్చిందంటే ఆ అభ్యర్థి మునిగినట్టే" అని ఎల్మ్‌గ్రోవ్ ఊరంతా నవ్వుకునేది. ఆవిడా నవ్వేది కాని, ఇంటికొచ్చాక గిన్నెలు గట్టిగా తోమేది. ఈసారి సెనేటరమ్మ కోసం డిసెంబరు నుంచి మంచులో గడప గడపా ఎక్కి దిగి, తేల్చుకున్న లెక్క ఇది. వార్డులో వందమంది వస్తారు, తనకు పదిహేనుమంది. ఒక్కరు ఎక్కువ లేరు, ఒక్కరు తగ్గడానికి వీల్లేదు.

వెర్లిన్‌కు అభ్యర్థి అంటూ ఎవరూ లేరు. నలభై ఏళ్ళు రైతులకు మొక్కజొన్న విత్తనాలు అమ్మి, పదవీ విరమణ చేశాక ఆ నోటిని ఏం చెయ్యాలో తెలియక, రోజూ పొద్దున పెట్రోలు బంకు పక్కన కాఫీ హోటల్లో కూర్చుని ఈసారి నిలబడ్డ నలుగురినీ సమానంగా ఉతికేవాడు. సెనేటరమ్మ ప్రసంగాల్లో వాళ్ళ నాన్న ఏ ఊరు వెళితే ఆ ఊరి వృత్తే చేశాడట. గనుల ఊళ్ళో బొగ్గు తవ్వాడు, రేవు ఊళ్ళో చేపలు పట్టాడు, ఇక్కడికొచ్చేసరికి పందులు మేపాడు. పరుపుల కంపెనీ కోటీశ్వరుడికి ఓటేస్తాను కాని, నచ్చకపోతే తొంభై రోజుల్లో వాపసు తీసుకుంటాడా అని అడిగేవాడు. కుర్ర మేయరు గడ్డం గీసుకునే సామాను ఇంకా కొనుక్కోలేదట. ఇక గవర్నరు సంగతి చెప్పనే అక్కర్లేదు. నిరుడు వేసవి సంతలో పుల్లకు గుచ్చిన పందిమాంసం చేతికిస్తే, ఆయన కత్తీ ఫోర్కూ అడిగాడు.

సాయంత్రం ఆరున్నరకు ప్రాథమిక పాఠశాల ఆటల గదిలో జనం బూట్ల మంచు దులుపుకుంటూ చేరారు. ఆర్డిస్ తన మూలలో నిమ్మకాయ కేకు డబ్బా పెట్టుకుని, మూత తియ్యకుండా నిలబడింది. మేయరు మూలలో అప్పుడే అరవైమంది దాకా ఉన్నారు. వెర్లిన్‌కు నవంబరులో తుంటి కీలు మార్చారు. నిలబడితే ఇరవై నిమిషాలే హాయి. కూర్చుందామంటే అక్కడున్నవన్నీ రెండో తరగతి పిల్లల కుర్చీలు, వాటిలో కూర్చుంటే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. పెద్దవాళ్ళు కూర్చోగలిగింది ఒక్కటే, పియానో ముందున్న బల్ల. ఆ పియానో గవర్నరు మూలలో ఉంది.

"డ్యువేన్, రెండు నిమిషాలు కూర్చుంటానయ్యా. లెక్క మొదలవగానే పోతాను," అన్నాడు.

డ్యువేన్ క్రూస్ గవర్నరు మూలకు పెద్ద, ఊరికి పశువుల డాక్టరు. మనుషులతో మాట్లాడాల్సి వస్తే చెవులు ఎర్రబడే సాధువు. "కూర్చోండి, దానిదేముంది," అన్నాడు.

లవోన్ టీడ్‌మన్ టీచరు ఏడు కాగానే తలుపులు మూయించింది. ఎనభై నాలుగేళ్ళ ఆ సభాధ్యక్షురాలు ఆ ఊళ్ళో సగంమందికి మూడో తరగతిలో ఎక్కాలు చెప్పింది. నియమాలన్నీ చదివి, "ఎవరి మూలకు వాళ్ళు వెళ్ళండి," అంది. వెర్లిన్ లేవబోయాడు. లేచేవాడే. కాని గవర్నరు మనుషుల్లో ఒకాయన వెనకనుంచి, "ఏం వెర్లిన్, ఇవాళ మా గవర్నరు మీద ఏమీ లేవా? సరుకైపోయిందా?" అన్నాడు.

సరుకైపోయిందా అని ఎవరైనా అడిగితే విత్తనాల వ్యాపారి లేచిపోగలడా? వెర్లిన్ మళ్ళీ సర్దుకుని కూర్చుని సంతలో కత్తీ ఫోర్కూ కథ ఎత్తుకున్నాడు. గవర్నరు పళ్ళెంలోంచి మాంసం ముక్క జారి ఎవరో ఒకావిడ చేతిసంచిలో పడిన ఘట్టానికి వచ్చేసరికి, టీచరు పెన్సిలు పట్టుకుని ఆ మూల లెక్కకు వచ్చింది. ఒక్కొక్కరూ చెయ్యెత్తి తమ అంకె తామే చెప్పాలి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పెన్సిలు కొస వెర్లిన్ ముక్కు ముందు ఆగింది. అరవై ఏళ్ళ కిందట ఆ పెన్సిలే, ఆ వేలే. తడుముకుంటే గోడకు నిలబెట్టే రోజులవి.

"పదిహేను," అన్నాడు వెర్లిన్, చెయ్యెత్తి మరీ.

చెప్పాక గాని ఏం చెప్పాడో చెవికెక్కలేదు. అప్పటికే టీచరు రాసేసి బుట్ట కింద ఆర్డిస్ మూలకు వెళ్ళింది. అక్కడ లెక్క పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. పరుపుల కోటీశ్వరుడికి తొమ్మిది. మిగిలిన అరవై రెండూ మేయరుకి.

"టీచరుగారూ, నేను ఊరికే కూర్చున్నానండీ. నేను గవర్నరు మనిషిని కాదు, ఊరంతా తెలుసు," అన్నాడు వెర్లిన్, పియానో పట్టుకుని లేస్తూ.

"నిన్ను పిలిచి అంకె చెప్పమన్నానా, లేదా?"

"అన్నారండీ."

"చెప్పావా, లేదా?"

"చెప్పానండీ. అలవాటు కొద్దీ."

"మూడో తరగతిలో ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెప్పావు. దిద్దను," అంది టీచరు. నియమం కూడా చదివింది. పదిహేను వచ్చిన మూలవాళ్ళు ఇక కదలకూడదు. రాని రెండు మూలలవాళ్ళకూ పావుగంట గడువు. ఎటైనా వెళ్ళవచ్చు, లేదా ఒకరితో ఒకరు కలిసి పదిహేను తెచ్చుకోవచ్చు.

డ్యువేన్ క్రూస్ వెర్లిన్ రెండు చేతులూ పట్టుకున్నాడు. గవర్నరుకు ఈ జిల్లాలో ప్రాణం నిలిచిన మొదటి మూల ఇదేనట. "మీరే మమ్మల్ని నిలబెట్టారు," అన్నాడు. అతని భుజం మీదుగా, గది అడ్డంగా దాటి వస్తున్న ఆర్డిస్ కనిపించింది.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండునని వెర్లిన్‌కు అనిపించింది.

"నిన్ను నేను మాట్లాడమనలేదు, పాడమనలేదు. నిలబడమన్నాను."

"తుంటి నొప్పిగా ఉంటేనూ..."

"తుంటికి ఆపరేషను చేశారు. నోటికి చెయ్యలేదు," అంది. వెనక్కి తిరిగి వెళ్ళి, మూత తియ్యని కేకు డబ్బా పక్కన నిలబడింది. మేయరు మూలలో ఎవరో "ఐదోసారి" అన్నారు, ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెర్లిన్ గుండెల్లో ముల్లులా దిగింది. ఊళ్ళో ఈ నవ్వుల అలవాటు నేర్పింది తనే కదా అని మొదటిసారి సిగ్గేసింది.

దారి ఒక్కటే ఉంది. పరుపుల తొమ్మిదిమందీ ఆర్డిస్ వైపు వెళితే ఆవిడ గట్టెక్కుతుంది. వాళ్ళు గవర్నరు వైపు రాకుండా చూస్తే చాలు, మేయరు వైపు ఎలాగూ చోటు లేదు. గవర్నరును చెడామడా తిడితే ఇటెవరొస్తారు? ఆ పని వెర్లిన్‌కు వెన్నతో పెట్టిన విద్య. వెంటనే పియానో మీద చెయ్యి ఆనించి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మలారా, అయ్యలారా, మా గవర్నరు గురించి నిజం చెప్తాను. ఆయన ఇల్లు తగలబడుతుంటే నీళ్ళు పొయ్యరు. ముందు మంట వైపు వాదన కూడా వింటారు."

పరుపుల గుంపుకు పెద్ద గ్లెండా అనే ఆవిడ, క్షౌరశాల నడుపుతుంది. ఆవిడ కిసుక్కున నవ్వింది. వెర్లిన్ జోరు పెంచాడు. గవర్నరు కుక్కను పెంచుకుందామని నిపుణుల సలహా అడిగితే నివేదిక వచ్చేసరికి కుక్క ముసలిదైపోయిందన్నాడు. ఆయన ప్రసంగం విని తమ ఊళ్ళో ఒక ఆవు పాలివ్వడం మానేసిందనీ, డ్యువేన్ మందిచ్చినా కుదరలేదనీ చెప్పాడు. డ్యువేనే మొదట నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని చూసేసరికి, తొమ్మిదిమందీ కుర్చీలు పక్కకు నెట్టుకుంటూ గవర్నరు మూలకు వచ్చేస్తున్నారు.

"ఇటెందుకొస్తున్నావమ్మా?" అన్నాడు వెర్లిన్ కంగారుగా.

"మీ మనిషి మీద మీరే ఇన్ని వేళాకోళాలాడుకుంటున్నారు. మీకు గర్వం లేదు. మాకు నచ్చింది," అంది గ్లెండా. "అసలీ గవర్నరు పేరు నేను సరిగ్గా విన్నదే ఇప్పుడు."

అంతటితో ఆగినా బాగుండేది. ఆర్డిస్ పద్నాలుగుమందిలో ఇద్దరు, ఏం జోకో వినిపించక దగ్గరికొచ్చి, విని, అక్కడే ఉండిపోయారు. వాళ్ళ వెనక మరో ఇద్దరు. బుట్ట కింద ఆర్డిస్ పదిమందితో మిగిలింది. ఆవిడ చూపు మొగుడి మీదే ఉంది. పొరపాటున కూర్చున్నాడనుకుంది ఇందాక. ఇప్పుడు కావాలనే తన గుంపును లాక్కుంటున్నాడనుకుంటోందని వెర్లిన్‌కు అర్థమైంది.

"ఇంకా ఎనిమిది నిమిషాలు," అంది టీచరు గడియారం చూసి.

నలభై ఏళ్ళలో రైతులు తన ముందునుంచి ఎప్పుడు లేచి వెళ్ళిపోయారా అని వెర్లిన్ ఆలోచించాడు. విత్తనాన్ని ఎగతాళి చేసినప్పుడు ఎవరూ వెళ్ళలేదు, ఇంకో కప్పు కాఫీ పోసుకున్నారు. కంపెనీవాళ్ళు రాసిచ్చిన గొప్పలు చదవడం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఒక్కొక్కరూ టోపీలు వెతుక్కునేవారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఏమిటో ఆయనకు అనుభవం మీద తెలుసు.

"డ్యువేన్, మీ గవర్నరు ప్రణాళిక పుస్తకం నీ దగ్గరుంటుందిగా, అదిలా ఇవ్వు."

డ్యువేన్ భద్రంగా తీసిచ్చాడు. గ్రామీణ కల్వర్టుల మీద నలభై నాలుగు పేజీలు. వెర్లిన్ కళ్ళజోడు పెట్టుకుని, ముఖంలోంచి నవ్వంతా తీసేసి నిలబడ్డాడు.

"ఇందాకటివి తమాషాకన్నాను. ఇప్పుడు మనసులో మాట. గవర్నరుగారు మహానుభావులు. దూరదృష్టి గలవారు. వారి మాటల్లోనే వినండి. ముందుమాట. కల్వర్టు అనగా, రహదారి అడుగుభాగమున నీటి ప్రవాహమునకు ఉద్దేశింపబడిన నిర్మాణము."

గ్లెండా నవ్వుదామని ఎదురుచూసింది. నవ్వాల్సింది రాలేదు. రెండో పేజీలో కల్వర్టుల వర్గీకరణ వచ్చింది, మూడో పేజీలో గొట్టాల వ్యాసాల కొలతలు. వెర్లిన్ ఒక్క అంకె వదల్లేదు. ప్రతి పేరా చివరా తలెత్తి, "ఎంత గొప్ప ఆలోచనో చూడండి," అన్నాడు. నాలుగో పేజీకి ఆర్డిస్ గుంపునుంచి వచ్చిన నలుగురూ వచ్చిన దారినే జారుకున్నారు. ఐదో పేజీకి గ్లెండా మనుషులు బరువు ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదికి మార్చుకున్నారు.

"వెర్లిన్, ఇందాక ఆ ఆవు సంగతి చెప్పావే, దానికేమైంది?" అంది గ్లెండా ఆశగా.

"ఆవు ముఖ్యం కాదమ్మా. పట్టిక రెండు చూడు. రేకు గొట్టములు, సిమెంటు గొట్టములు, తులనాత్మక వ్యయము."

అప్పటికి ఆర్డిస్‌కు విషయం బోధపడింది. ముందు కనుబొమలు పైకి వెళ్ళాయి, తర్వాత చెయ్యి కేకు డబ్బా మీదికి వెళ్ళింది. మూత తీసింది. నిమ్మకాయ వాసన గదంతా తిరిగింది. పట్టిక మూడు మొదలయ్యేసరికి గ్లెండా ముందు, మిగతా ఎనమండుగురు వెనక, దాదాపు పరుగు నడకతో బుట్ట కిందికి చేరారు. గవర్నరు అసలు మనుషులు పద్నాలుగుమంది మాత్రం, కదలకూడదన్న నియమానికి కట్టుబడి, తలుపు వైపు దిగులుగా చూస్తూ నిలబడ్డారు.

"గడువైంది," అని టీచరు బుట్ట కిందికి వెళ్ళి పెన్సిలెత్తింది. పదిహేను అన్నది గ్లెండానే, నోట్లో కేకుతో. లెక్క అక్కడ ఆగకుండా ఇరవై మూడు దాకా వెళ్ళింది. ఐదు ఎన్నికల్లో మొదటిసారి ఆర్డిస్ మూల నిలిచింది. ఆవిడ జాబితా కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది. మేయరు మూలలో ఎవరూ నవ్వలేదు. వెర్లిన్ పియానో బల్ల మీద కూలబడి, ఇన్నాళ్ళకు ఈ నోరు ఇంటికి పనికొచ్చిందని తృప్తిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పుడు డ్యువేన్ క్రూస్ ఎర్రబడ్డ చెవులతో ముందుకొచ్చాడు.

"మార్చిలో జిల్లా సభ ఉంది. మన తరఫున ఒకరు వెళ్ళి గవర్నరుగారి గురించి మాట్లాడాలి. నాకు నలుగురిలో నోరు పెగలదు. ఈ పుస్తకాన్ని ఇంత భక్తిగా చదివినవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు. వెర్లిన్‌గారి పేరు ప్రతిపాదిస్తున్నాను."

పద్నాలుగు చేతులు లేచాయి. వెర్లిన్ బెదిరిపోయి గదికి ఆ చివరనున్న భార్య వైపు చూశాడు. "ఆర్డిస్, డాక్టరు నన్ను ఎక్కువసేపు నిలబడొద్దన్నాడని వీళ్ళకి చెప్పు."

ఆర్డిస్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"వస్తాడు, డ్యువేన్. నేనే కారులో దించుతాను," అంది. "నలభై నాలుగు పేజీలూ చదువుతాడు, అనుబంధాలతో సహా."

జిల్లా సభలో కూడా మూల నిలవాలంటే సెనేటరమ్మకు ఇంకా అరవైమంది తక్కువ మరి.