ఆటో పట్టుకోవడం లేదు

ఆ పొద్దున రాజశేఖర్ చేయాల్సిన పనులు ఇవి: గడ్డం నున్నగా గీసుకోవాలి. ఆదోని బజారులో పండ్లు, పూలు కొనాలి. అమ్మ అంజనమ్మను కొత్త చీర కట్టుకోమని ఒప్పించాలి. ఎండ ముదరకముందే ఎమ్మిగనూరు బస్సు ఎక్కాలి. పెళ్లిచూపుల్లో రూత్ వాళ్ల నాయన ఏమడిగినా నిజమే చెప్పాలి. ఫోను ఆపేయాలి. అన్నీ చేశాడు, చివరిది తప్ప.

రూత్ నాయన సామ్సన్ జిన్నింగు మిల్లులో పత్తి చూసి తీసుకునే మేస్త్రీ. పత్తి నింపిన బోరెం సంచిలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున తడి లేదని తేలితే గాని పైపత్తిని నమ్మడు. మనుషులతోనూ అంతే. పైగా ముందొచ్చిన సంబంధం పిల్లవాడు ఇంజినీరన్నాడు. విచారిస్తే లిఫ్టులో మీటలు నొక్కే పని. అప్పటినుంచి ఇంజినీరన్న మాట వినబడితే సామ్సన్‌కు చెయ్యి దురదపెడుతుంది.

"ఏం పనప్పా నీది?"

"ఇమానాలు బాగుచేస్తాను మామా. హైదరాబాదులో."

"యాడ పెట్టి సేస్తావు?"

"షెడ్డులో."

"షెడ్డు," అన్నాడు సామ్సన్, ఆ మాటను గుప్పెడు పత్తిలా వేళ్ల మధ్య నలుపుతూ.

అంతలో ఫోను మోగింది. తోటి ఇంజినీరు శశికాంత్, వాడిదీ ఆదోనే. ఒక పెద్దాయన సొంత విమానం మధ్యాహ్నం ఎగరాలి. పైలట్ చెయ్యి వేయకుండానే ఇంజిన్ల జోరును సర్దే ఆటోథ్రాటిల్ ఎంత చేసినా పట్టుకోవడం లేదు. షెడ్డులో దాన్ని అందరూ ఆటో అనే అంటారు. కిందటి వారం దాన్ని చూసి సంతకం పెట్టింది రాజశేఖరే. తప్పు తనదని తేలితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేనివాడికి రూత్‌ను ఎవరిస్తారు?

పెరట్లోకి పోయి గొంతు తగ్గించాడు. తగ్గించడమే తప్పయింది. కిటికీ వెనక సామ్సన్ చెవి పెట్టాడు.

"ఆటో పట్టుకుంటలేదా? క్లచ్ జారుతాందేమో సూడు. కేబులు బిగుసుకుందా? చేత్తో తోస్తే కదులుతాందా? ఓనరు మధ్యాన్నానికే పోవల్లంటాండాడా?"

సామ్సన్ మెల్లగా వచ్చి కూర్చున్నాడు. చెయ్యి అడుగు దాకా పోయింది, తడి తగిలింది.

"ఏమక్కా," అన్నాడు అంజనమ్మతో, "మీవాడు బాగుచేసే ఇమానానికి చక్రాలు యాడాడుంటాయి?"

"ముందరొక తావ, ఎనక రెండు తావుల అని సెప్పినాడన్నా," అంది అంజనమ్మ గర్వంగా.

ఇంకేం సాక్ష్యం కావాలి? సామ్సన్ పక్కింటికి పోయాడు. అక్కడ ఉరుకుందప్ప ఉంటాడు, ఆటో నడుపుతాడు. "ఆటో మెకానిక్కు ఇమానమని కోతలు కోస్తాండాడు. నీ బండి తోసుకురా, బండారం బయటపడతాది."

ఉరుకుందప్ప తోసుకొచ్చాడు. "అప్పా, యాక్సిలేటరు తిప్పితే ఎనక్కి రాదు. రవ్వంత సూడు."

పెద్దవాళ్లు అడిగితే కాదనడం రాజశేఖర్‌కు చేతకాదు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఆటో పక్కన కూర్చున్నాడు.

"ముందరికి తొయ్యి," అన్నాడు ఫోనులోకి. ఉరుకుందప్ప తనకే అనుకుని బండి స్టార్టు చేసి యాక్సిలేటరు తిప్పాడు. ఆటో గోడ దాకా దూకింది.

"సీటు తీసి సూడన్నా," అన్నాడు ఉరుకుందప్పతో. ఫోనులో శశికాంత్, "యాడ తీసేది? పెద్దాయన దాంట్లోనే కూర్చోనుండాడు," అన్నాడు.

ఈలోగా సామ్సన్ ఇంట్లో ఊరికే బాగుచేస్తున్నారన్న మాట ఆటో స్టాండు చేరింది. వీధి చివరిదాకా ఆటోలు వరసకట్టాయి. "మీ అల్లుడా?" అని ఒక్కొక్కడూ అడగడం, "ఇంకా కాలేదు" అని సామ్సన్ కసరడం.

రాజశేఖర్ కేబులుకు నూనె పోసి యాక్సిలేటరును దారికి తెచ్చేసరికి రూత్ టీ తెచ్చింది. మెల్లగా అడిగింది: "ఆటోనా, ఇమానమా? నాకు ఏదైనా సరే. అబద్ధమైతేనే కష్టం."

"ఇమానమే," అన్నాడు. జారుతున్న ఫోనును పట్టుకోబోయాడు. కొత్త చుట్టమని పాకంలా కలిపిన టీ హారను మీట మీద పడింది. తుడవబోతే హారను మోగింది. వేలు తీసినా మోగుతూనే ఉంది. చక్కెరకు మీట అతుక్కుపోయి పైకి రాలేదు.

రాజశేఖర్ ఆ మీటను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఫోనులో అరిచాడు: "శశీ, థ్రాటిల్ పిడికి ఆటోను వదిలించే మీట ఉంటాది గదా. అది లోపలికే ఉండిపోయిందేమో సూడు. పైలట్లు ఆడ టీ తాగినారా?"

అవతలివాడు మీట మీద వేలు పెట్టి చూశాడు. "బంక," అన్నాడు శశికాంత్. "నొక్కినట్టే ఉండిపోయింది."

దాన్ని శుభ్రం చేయగానే ఆటో పట్టుకుంది. తప్పు రాజశేఖర్‌ది కాదు, చక్కెరది. శశికాంత్ వీడియో కాల్ చేసి విమానం మొత్తం చూపించాడు.

"ఆటో అంటే ఇదీ మామా," అని రాజశేఖర్ ఫోను అందించాడు.

సామ్సన్ చూశాడు. ఫోను తిప్పి వెనకవైపూ చూశాడు.

"ఫోన్లో ఏమైనా సూపిస్తారు," అన్నాడు. "ఇమానంలో నేను చెయ్యి పెట్టి సూసినానా? ఆటో మటుకు నా కండ్ల ముందర బాగైంది. నేను పిల్లనిచ్చేది ఆటో మెకానిక్కుకు. ఇష్టమైతే సెప్పు, ఇమానం మాట మల్లా ఎత్తొద్దు."

నిజమే చెప్పాలనుకున్న రాజశేఖర్ నోరు తెరిచాడు. గడప దగ్గర రూత్ వద్దన్నట్టు తల ఊపింది.

"సరే మామా," అన్నాడు.

మీరెప్పుడైనా ఎమ్మిగనూరులో ఆటో ఎక్కి, అది గోడ మీదికి దూకకుండా మిమ్మల్ని ఇల్లు చేరిస్తే, రాజశేఖర్‌ను ఒక్కసారి తలుచుకోండి. విమానం ఎక్కినప్పుడు అక్కర్లేదు. వాళ్ల మామ ఒప్పుకోడు.