తాళంచెవి మీద మీ అభిప్రాయం

నాయకత్వ శిక్షణ ముగించుకుని వచ్చిన మర్నాడు పొద్దున్న, ఆరోగ్య కేంద్రం అధికారిని ఆయన భార్య మామూలుగానే అడిగింది, మధ్యాహ్నం భోజనానికి వస్తారా అని. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాడు.

"రాకపోతేనే హాయిగా ఉంటుందనుకుంటున్నా," అందావిడ.

హోటల్లో చల్లటి గదిలో వారంపాటు కూర్చోబెట్టి ఆయనకు నేర్పింది ఒక్కటే ముక్క: నాయకుడు జవాబులు చెప్పడు, ప్రశ్నలు అడుగుతాడు. అసలే పని తప్పించుకునే దారులు వెతికే మనిషి. సాయంత్రం దాకా ఎవరికీ ఏ జవాబూ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుని మరీ బయల్దేరాడు.

కేంద్రంలో అడుగు పెట్టగానే నర్సు ఎదురొచ్చింది. రాత్రే కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో పసిపిల్లల టీకా మందులున్నాయి, మధ్యాహ్నం దాకా ఆగవు. వరండాలో తల్లులు పిల్లల్నెత్తుకుని కూర్చున్నారు. జనరేటరు షెడ్డు తాళంచెవి కావాలంది. డీజిల్ మాయమవుతోందని పోయిన నెల ఆ షెడ్డుకు తాళం వేసింది స్వయానా ఆయనే. చెవి ఇప్పుడూ ఆయన ప్యాంటు జేబులోనే ఉంది.

"తాళంచెవి ఎక్కడుండొచ్చని మీకనిపిస్తోంది?" అన్నాడాయన చిరునవ్వుతో.

నర్సు డీజిల్ దొంగతనం తన నెత్తిన రుద్దుతున్నాడనుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లి కాంపౌండరుతో చెప్పుకుంది. ఆ మాట వాచ్‌మన్ చెవినపడింది. తన బండారమే బయటపడిందనుకుని వాడు లోపలికి పరుగెత్తి, అధికారి కాళ్లమీద పడి, డీజిల్ అమ్ముకున్నది తనేనని ఒప్పుకున్నాడు. తప్పు ఒప్పుకోవడం నాయకత్వ లక్షణమని శిక్షణలో చెప్పారు కాబట్టి అధికారి లేచి చప్పట్లు కొట్టాడు. అందరిచేతా కొట్టించాడు.

దొంగకే చప్పట్లు పడ్డాక కాంపౌండరు ఊరుకుంటాడా? బుర్రకు తోచింది చెయ్యడమే సారుకు ఇష్టమని తేల్చుకుని, మందులన్నీ బుట్టలో సర్ది, వీధి చివర సొంత జనరేటరున్న ఐస్‌క్రీం దుకాణానికి పట్టుకెళ్లి, అక్కడి పెట్టెలో అట్టడుగున పెట్టించాడు. నర్సుకు తెలిసి పరుగెత్తేసరికి అవి గడ్డకట్టిపోయాయి. గడ్డకట్టిన టీకాలు పారబొయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

ఆమె తిరిగొచ్చి అధికారి బల్లముందు నిలబడింది. "సార్, ఒక్క మాట చెప్పండి. తాళంచెవి మీ దగ్గరుందా, లేదా?"

"చాలా మంచి ప్రశ్న," అన్నాడాయన.

తల్లుల కేకలు వీధిలోకి వినిపిస్తుండగా పెద్దాఫీసు నుంచి డైరెక్టరు తనిఖీకి దిగాడు. జరిగింది విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఈ పీడ ఇవాళ్టితో వదిలినట్టేనని నర్సు కాస్త ఊపిరి పీల్చుకుంది.

"ఏమిటయ్యా ఈ అఘాయిత్యం?" అని అరిచాడు డైరెక్టరు.

"దీనిమీద మీ అభిప్రాయం ఏమిటి సార్?" అన్నాడు అధికారి.

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆ మాట డైరెక్టర్ని అడిగినవాడు లేడు. ఇంట్లో అయితే అడుగుతారన్న ఆశ కూడా లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మొదలుపెట్టాడు. తల్లులు విసిగి, టీకాలు పడని పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్లకు పోయేదాకా మాట్లాడాడు. అధికారి మధ్యమధ్య "ఇంకా?" అంటూ తలూపాడు, అంతే. లేచేముందు డైరెక్టరు ఆయన భుజం తట్టి, ఇలాంటివాడు ఈ మూలన పడుండకూడదన్నాడు. జిల్లా అధికారులందరికీ నాయకత్వం నేర్పడానికి ఆయన్ని పెద్దాఫీసుకు బదిలీ చేశాడు. కాంపౌండరుకు మెమో ఇచ్చాడు.

షెడ్డుకు తాళం ఇప్పటికీ వేసే ఉంది. చెవి మాత్రం ఆయన జేబులో ఊరూరా తిరిగి నాయకత్వం బోధిస్తోంది.