ఎవరూ చూడని సినిమాకి మూడున్నర స్టార్లు

మార్చి పద్నాలుగో తేదీ సాయంత్రం మేము తిన్నవి చీజ్ శాండ్‌విచ్ ఒకటి, కేకు ముక్క ఒకటి, తాగింది ఆపిల్ జ్యూసు. ఇందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. చూసిందేమిటన్న దగ్గర మాత్రం మిగతా అందరూ ఒక మాట మీద ఉన్నారు, నేనొక్కడినే విడిగా మిగిలిపోయాను.

మేము అంటే సినీ విమర్శకులం. "మా వీధి స్టెప్పు" అనే వీధి డాన్సు సినిమా నాలుగేళ్ళ క్రితం వచ్చి బాగా ఆడింది. దాని రెండో భాగాన్ని విడుదలకు వారం ముందు మాకు ప్రత్యేకంగా చూపించాలని సంకల్పించారు. నేను జీవితమంతా బీమా ఆఫీసులో పనిచేసినవాణ్ణి. మా ఆవిడ పోయాక నా సాయంత్రాలు ఎలా గడుస్తాయోనని జాలిపడి, ఎడిటరైన పాత మిత్రుడొకడు సినిమా సమీక్షల పని నాకు అప్పగించాడు. నలుగురి మధ్య చీకట్లో కూర్చోవచ్చు. ఎలా ఉన్నారని ఎవరూ అడగరు. అందులో ఎంత దయ ఉందో అతనికి తెలిసి ఉండదు.

టైటిళ్ళు పడే సమయమే శాండ్‌విచ్ పెట్టెలు పంచే సమయం కావడం పరిశ్రమ ఆనవాయితీ. కాబట్టి తెర మీద సినిమా పేరు పక్కన రెండు అంకె ఉందో లేదో గమనించే తీరిక ఎవరికీ చిక్కలేదు. మొదటి పాటలో హీరో తడి మెట్ల మీద జారి, ఆ జారుడునే స్టెప్పుగా మార్చుకుంటాడు. నాలుగేళ్ళ క్రితం సరిగ్గా అక్కడే మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు హీరో మళ్ళీ జారాడు. ఇది ఏ సినిమానో నాకంటే ముందు నా మోచెయ్యికి తెలిసిపోయింది.

నా పక్కన కూర్చున్నది పావుగారు. స్టార్లు ఇచ్చేటప్పుడు పావు స్టారు కూడా లెక్కలోంచి జారిపోనివ్వరు కనుక అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. మా సంఘానికి ఆయనే పెద్ద.

"ఏమండీ, ఇది మొదటి భాగం కదూ?" అన్నాను చెవి దగ్గరకు వంగి.

"అదే కదండీ దర్శకుడి ప్రతిభ!" అన్నారాయన కేకు నములుతూ. "అచ్చం మొదటి భాగం చూస్తున్నట్టే ఉంది."

జరిగింది చాలా చిన్న విషయం. థియేటరు కంప్యూటర్లో రెండు భాగాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆపరేటరు పైదాన్ని నొక్కి, తన వంతు శాండ్‌విచ్ కోసం కిందికి దిగాడు. ఆకలి ఎవరికైనా ఆకలే.

మర్నాడు సమీక్షలు వెలువడ్డాయి. మొదటి భాగంలోని ఆత్మ ఇందులో లోపించిందని ఒక దినపత్రిక విచారం వ్యక్తం చేసింది. మొదటి భాగంలోని లోపాలన్నిటినీ దర్శకుడు సరిదిద్దుకున్నాడని ఇంకొకటి అభినందించింది. ఈ నాలుగేళ్ళలో హీరో ముఖంలో వచ్చిన పరిణతిని మూడు పత్రికలు ఏకకాలంలో గుర్తించాయి. మొదటి భాగంలా చకచకా సాగలేదని, నిడివి ఓ ఇరవై నిమిషాలు కత్తిరించాలని ఒక వెబ్‌సైటు సలహా ఇచ్చింది. రెండో భాగం మొదటి భాగాన్ని లోతుగా ప్రశ్నిస్తోందని మేధావుల పత్రిక ఒకటి ఆరు పేజీల్లో నిరూపించింది.

నేను మాత్రం "మాకు చూపించింది మొదటి భాగమే" అని రాసి ఇచ్చాను. పేజీ పెట్టే సబ్ ఎడిటరుకు నేను గొప్ప పొగడ్త రాశాననిపించింది. "మొదటి భాగాన్ని మరిపించే రెండో భాగం" అని శీర్షిక పెట్టి, ఒక స్టారు తనవైపు నుంచి కలిపాడు. ఆ సాయంత్రానికే ఊరంతా పోస్టర్లు వెలిశాయి. వాటి మీద నా మాట ఎర్రటి అక్షరాల్లో ఉంది: "మొదటి భాగమే!" దాని కింద మా పత్రిక పేరు. సమీక్షలన్నీ కలిపి సగటు తీస్తే మూడున్నర స్టార్లు.

ఇందులో నవ్వుకుని ఊరుకోవడానికి వీల్లేని సంగతి ఒకటుంది. రెండో భాగం చివర్లో పతాక నృత్యం చేసింది మా పై వాటాలో తల్లితో ఉంటున్న అమ్మాయి. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో పని, సాయంత్రం డాన్సు. ఆ పాట తెర మీద పడితే దుకాణం మానేసి డాన్సునే నమ్ముకుని బతకొచ్చని ఆమె ఆశ. ఆ నృత్యం తయారైందంతా మా ఇంటి కప్పు మీదే. నేనెప్పుడూ చూడలేదు గానీ మొత్తం విన్నాను. పెచ్చులు రాలే చోట్లన్నీ తెలిసిపోయి కుర్చీలు జరుపుకున్నాం. ఒకచోట అడుగులన్నీ ఆగిపోయేవి. పడిందేమో అని మేము తల ఎత్తే లోపల రెండు దెబ్బలు పడేవి, ధన్, ధన్ అని. మంచం మీదున్న మా ఆవిడ మందు చెంచాతో గ్లాసు మీద ఆ రెండూ కలిపి కొట్టేది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో కూడా ఆ సమయానికి చెంచా చేతిలోకి తీసుకునేది.

మాకిచ్చిన కరపత్రంలో ఆ అమ్మాయి గురించి రెండు వాక్యాలున్నాయి. విమర్శకులకు రెండు వాక్యాలు చాలు. ఆమె లేని సినిమాలో ఆమె నృత్యాన్ని అయిదుగురు మెచ్చుకున్నారు. పావుగారొక్కరే నిర్మొహమాటంగా రాశారు: "కొత్త అమ్మాయి కళ్ళు పలికాయి కానీ, కాళ్ళు తడబడ్డాయి."

ఆ పేపరు పట్టుకుని ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే కిందికి వచ్చింది.

"బాబాయ్, నువ్వు చూశావుగా. ఎక్కడ తడబడ్డాను? ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఏడవను."

"నువ్వు అందులో లేవమ్మా."

ఆమె మొహం పాలిపోయింది. "తీసేశారా?"

"తియ్యలేదు. వేసిందే మొదటి భాగం." జరిగింది చెప్పాను.

కాసేపు నా మొహంలోకి చూసి, మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "వీళ్ళందర్నీ మా షాపుకి పంపించు బాబాయ్. కంటి పరీక్ష ఉచితం!" తర్వాత నవ్వు ఆపి, "మరి నన్ను పొగిడినవాళ్ళు?" అంది. ఆ అయిదు ముక్కలూ వాళ్ళమ్మ అప్పటికే కత్తిరించి అద్దం అంచుకు గుచ్చిందట.

ఇద్దరం నిర్మాత ఆఫీసుకు వెళ్ళాం. ఏసీ కింద బకెట్, బకెట్‌లో బొట్లు బొట్లుగా నీళ్ళు, గోడ నిండా మూడున్నర స్టార్ల పోస్టర్లు. తప్పు చెప్పడానికి వచ్చామనుకున్నాం. ఆయనకు మాకంటే ముందే తెలుసు.

"తెలుసు సార్. ఆ రోజు రాత్రే తెలిసింది," అన్నాడు ప్రశాంతంగా. "బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. విడుదల కూడా అదే చేస్తున్నాం."

"ఏది?"

"విమర్శకులు ఏది మెచ్చారో అది. వాళ్ళకొకటి చూపించి జనానికి ఇంకొకటి చూపిస్తే మోసం కాదూ? నేను విలువలున్న మనిషిని సార్. ఆ రెండో భాగం ఎవరూ చూడలేదు. దానికెన్ని స్టార్లు పడతాయో మీరు హామీ ఇస్తారా?"

"సార్, మరి నా డాన్సు?" అంది మా పై వాటా అమ్మాయి.

నిర్మాత ఆమెను కన్నకూతుర్ని చూసినట్టు చూశాడు. "నీకు రావాల్సిన పేరు వచ్చేసింది కదా తల్లీ. పేరొచ్చాక ఇంకా డాన్సు చూపించడం దేనికి? ఇప్పుడు చూపిస్తే ఉన్న పేరు పోవచ్చు కూడా."

దిగి వస్తుంటే మెట్ల మీద ఆమె, "ఆయన చెప్పిందాంట్లో తప్పేంటో నాకు దొరకట్లేదు బాబాయ్," అంది. నాకూ వెంటనే దొరకలేదు.

అలా "మా వీధి స్టెప్పు" మొదటి భాగం రెండో భాగంగా విడుదలై ఘనవిజయం సాధించింది. ప్రేక్షకులు డైలాగులన్నీ నటుల కంటే ముందే అప్పజెప్పేశారు. జనం కథతో అంతగా మమేకమైపోయారని నిర్మాణ సంస్థ ఒక ప్రకటనలో హర్షం వెలిబుచ్చింది. మా వీధిలో ఒక బావా బావమరిదీ మొదటిది గొప్పదా రెండోది గొప్పదా అన్న వాదన ముదిరి మాటలు మానేశారు. ఇంట్లో ఒకరికి భార్యా ఒకరికి అక్కా అయినావిడ మధ్యవర్తిగా ఉప్పు డబ్బా అందిస్తోంది. ఇది మొదటి భాగంలా ఉందే అని అనుమానించిన కొద్దిమందీ లేచి అడిగే ముందు చుట్టూ చూశారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళూ కొట్టారు. కళ్ళజోళ్ళ దుకాణంలో మా అమ్మాయి చేత అద్దాలు తుడిపించుకుంటూ, "పతాక నృత్యం అదరగొట్టావమ్మా!" అన్నవాళ్ళకు లెక్క లేదు. మొదట్లో అందులో నేను లేనండీ అని చెప్పి చూసింది. ఎంత వినయమో అని ఇంకా మెచ్చుకున్నారు.

తర్వాత విజయోత్సవ సభ. ఉత్తమ నూతన నర్తకి బహుమతి మా అమ్మాయికి ప్రకటించారు. పావుగారు అధ్యక్షోపన్యాసం చేశారు.

"సభకు నమస్కారం. కాళ్ళు తడబడ్డాయని నేను రాసిన మాట నిజమే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అది మందలింపు కాదు, వాత్సల్యం. రెండోసారి చూసినప్పుడు నాకు అర్థమైంది, ఆ తడబాటే ఆ నృత్యానికి ప్రాణం! విమర్శకుడంటే ఎవరు? సామాన్యుడి కంటికి కనిపించనిది చూడగలిగినవాడు!"

సభ దద్దరిల్లింది. ఆయన చెప్పిన నిర్వచనంలో పొరపాటేమీ లేదు కనుక నేనూ చప్పట్లు కొట్టాను.

అప్పుడు వ్యాఖ్యాత ఉత్సాహం ఆపుకోలేక, "సినిమాలో చేసిన ఆ నృత్యం మరొక్కసారి, మన కోసం!" అని మైకులో అరిచాడు. ముందు వరసలో నిర్మాత లేవబోయి, లేస్తే బాగుండదని కూర్చున్నాడు. మా అమ్మాయి చెప్పులు విప్పి పక్కన పెట్టింది. నావైపు ఒకసారి చూసింది. పాట కోసం ఆగలేదు.

ఇన్నాళ్ళూ నేను కప్పు మీద విన్నదంతా ఎదురుగా కనిపించసాగింది. పెచ్చులు రాలిన చోటు ఏ గెంతుదో, కుర్చీ జరుపుకున్నది ఏ గిరికీ వల్లనో ఒక్కొక్కటిగా తెలుస్తున్నాయి. అంతా ఆగిపోయే ఆ చోటు వచ్చింది. ఎడమకాలి మీద, చెయ్యి చాచి, ఎదురుగా లేని మనిషినెవరినో పిలుస్తున్నట్టు నిలబడిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత రెండు దెబ్బలు. నా జేబులో చెంచా లేదు. వేళ్ళతో కుర్చీ చేతి మీద కొట్టాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ పావుగారి వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, మైకు అందుకుని, నొప్పించకుండా చెప్పారు.

"బాగుంది తల్లీ. కానీ సినిమాలో చేసినట్టు లేదు."

సభ మొత్తం నిట్టూర్చి తలూపింది. అవునవును, సినిమాలో చేసినట్టు లేదు. నా వెనక వరసలో ఒకావిడ, "పేరొచ్చాక నిర్లక్ష్యం వచ్చేసింది పిల్లకి," అంది జాలిగా. అప్పుడు ఓదార్పుగా చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి నమస్కారం పెట్టి, బహుమతి చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని దిగివచ్చింది.

ఇంటి మెట్ల దగ్గర ఆగింది. "నువ్వు చెప్పు బాబాయ్. పేపర్లో రాసేలా కాదు, మామూలుగా చెప్పు."

సమీక్షకుడి మాటలు ఏవీ నోటికి రాలేదు. "నువ్వు ఆగే చోట రెండు దెబ్బలుంటాయి చూడు. అవి దేనికోసమో మీ పిన్నీ నేనూ ఎన్నిసార్లో అనుకున్నాం. ఇవాళ తెలిసింది."

"పిన్నికి తెలుసు," అంది. "పిన్ని చెంచా చప్పుడు నాకు పైకి వినిపించేది. ఆ చెంచా కోసమే అక్కడ ఆగేదాన్ని. ముందు పాటలో ఆ ఆగడం లేదు." బహుమతి నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరుంచు. మా అమ్మ చూస్తే అద్దానికి గుచ్చుతుంది," అని నవ్వుతూ పైకి వెళ్ళిపోయింది.

ఆ బహుమతి కింద చెక్క పీట ఉంది. పెచ్చులు రాలే చోట పెట్టాను, రాలినవాటిని నేల మీద పడకుండా బాగా ఆపుతోంది.

నిన్న నిర్మాత కొత్త ప్రకటన చేశాడు. "మా వీధి స్టెప్పు" మూడో భాగం సిద్ధంగా ఉందట, వచ్చే నెల విడుదలట. ఎవరికీ చూపించకుండా దాచిన ఆ రెండో భాగమే ఇది. మా అమ్మాయి డాన్సు చివరికి తెర మీద పడబోతోంది. సంతోషం ఆపుకోలేక సాయంత్రం ఈ కబురు బావకూ బావమరిదికీ చెప్పాను. వాళ్ళు ఇన్నాళ్ళకు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏకమైపోయారు.

"ఎంతైనా రెండోదంత ఉండదండీ. ఆ పిల్ల అందులో ఎంత బాగా చేసింది! ఇందులో కాస్త తగ్గిందట కదా!"

"చూశారా?" అన్నాను.

"చూడాలా ఏంటి, అందరూ అనుకుంటుంటే!"

పావుగారి సమీక్ష కూడా తయారైందని మా ఎడిటరు చెప్పాడు. రెండూ ముప్పావు స్టార్లు. ఆ అమ్మాయి బాగా చేసిందో లేదో, ఈపాటికి మీరూ ఒక అభిప్రాయానికి వచ్చే ఉంటారు. దానికి సినిమా విడుదల కావాల్సిన పని లేదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇది రాస్తుంటే పైన అడుగులు మొదలయ్యాయి, ఆగాయి, రెండు దెబ్బలు పడ్డాయి. కింద నేను గ్లాసు మీద కలిపాను. కాసేపటికి పైనుంచి మెట్ల మీద పడే వెలుగు ఆగిపోయింది, ఆమె రాత్రికి తలుపు వేసుకుందన్నమాట. మా ఆవిడకు జబ్బు చేసినప్పటి నుంచి ఆ అమ్మాయి ఆ తలుపును రెండు చేతులతో పట్టుకుని, గడియ కూడా చప్పుడు కాకుండా వేస్తుంది. దీని మీద సమీక్ష ఇంతవరకూ ఏ పత్రికలోనూ రాలేదు.