సగం గోడ, సగం దడి

ఆ రోజు పొద్దున మంగయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. టీకొట్టు దాకా నడిచి, మేస్త్రీ కాశయ్య ఇంకో పనికి జారుకోకముందే పట్టుకొచ్చి, అడవి వైపు మిగిలిపోయిన పక్కన పని మొదలుపెట్టించాలి. కొత్తగూడెం బస్సు వచ్చేసరికి పని నడుస్తూ కనబడాలి. ఆ బస్సులో ఆయన భార్య బతుకమ్మ వస్తోంది.

రావడమంటే కాపురానికి రావడం కాదు, చూడ్డానికి. నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే మళ్లీ బస్సెక్కేస్తుంది. మంగయ్య బొగ్గుబాయిలో రిటైరై, టేకులపల్లి దాటాక అడవి అంచున రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు పాలు పొంగించిన బతుకమ్మ, వాకిట్లో నిలబడి ఒకసారి చెట్ల కేసి చూసి, సంచి సర్దుకుంది.

"గుడ్డెలుగులు తిరిగే కాడ నేనుండ. మనిషెత్తు గోడ కట్టు. చీమ దూరే సందు గూడ ఉండొద్దు. అప్పుడు వస్త."

"ముప్పై ఏండ్లు గోడల నడుమనే బతికిన. కన్ను తెరిస్తే గోడ, చెయ్యి చాపితే గోడ. ఇగ నాతోని కాదు. వెదురు దడి కట్టిస్త. గాలొస్తది, లోకం కనవడ్తది."

"లోకానికి నువ్వు గూడ కనవడ్తవ్," అని బతుకమ్మ తమ్ముడింటికి వెళ్లిపోయింది.

వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. మంగయ్య మాడిన అన్నమే తింటున్నాడు, మాట్లాడే దిక్కు లేక పొయ్యితో మాట్లాడుతున్నాడు. ఆమె లేని ఇల్లు ఆయనకు బాయి కన్నా చీకటిగా ఉంది. చివరికి ఇద్దరి మాటా నెగ్గేటట్టు, ఛాతీ ఎత్తు దాకా రాతిగోడ, దాని మీద సందులు సందులుగా వెదురు దడి అని తీర్మానించాడు. బస్సు దిగి వచ్చేవాళ్లకు ముందు కనబడేది రోడ్డు వైపే కదా అని అక్కడ మొదలుపెట్టించాడు. ఆ వైపూ, ఇంటికి అటూ ఇటూ రెండు పక్కలూ అయ్యాయి. ఎలుగుబంట్లు వచ్చే అడవి వైపు మాత్రం ఇంకా బార్లా తెరిచే ఉంది.

కొత్త కట్టడానికి దిష్టిబొమ్మ ఉండాలని కాశయ్య అన్నాడు. మంగయ్య ఏ పనైనా ఒళ్లు దాచుకోకుండా చేసే మనిషి. ఎండబెట్టిన ఇప్పపువ్వు దాచిన పాత గోతాం ఒకటి ఉంటే, అడుగున మిగిలినది దులపకుండానే గడ్డి కూరి, తన బాయి ఖాకీ చొక్కా తొడిగి, తలకు కుండ బోర్లించి, దాని మీద తన బాయి టోపీ పెట్టాడు. నిన్న సాయంత్రమే దాన్ని రోడ్డు వైపు మూలన గుంజకు కట్టాడు. బయటి నుంచి చూస్తే గోడ మీద ఛాతీ, తలా కనబడి, అచ్చం మంగయ్యే నిలబడి ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టుంది. కట్టినవాడే వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు.

పొద్దున లేచేసరికి వసారాలో తన మంచం చుట్టూ మట్టిలో రోజూలాగే చెప్పుల్లేని కాళ్ల గుర్తులున్నాయి. "ఈ బిచ్యాగాడు పాలు పోసి పోకుండ ఇల్లంత తిరుగుతడు," అని విసుక్కుంటూ మంగయ్య చీపురుతో చెరిపేశాడు. పాలబ్బాయి బిచ్యా తాను గేటు దాటనే లేదని ఒట్టు పెట్టి చెప్తాడు. చెప్పులు వేసుకోనివాడి ఒట్టు మంగయ్య నమ్మలేదు.

బయట మంచు దట్టంగా ఉంది. మంగయ్య గొంగడి కప్పుకొని వెనక దారిన టీకొట్టు చేరాడు. కాశయ్య దొరికాడు కూడా. కొట్టు బొజ్జయ్య చాయ్ చేతికిచ్చాడో లేదో, మంచులోంచి బిచ్యా పరుగెత్తుకొచ్చి బల్లను గుద్దుకున్నాడు.

"మంగన్న ఇంట్ల ఏందో ఉన్నది! దడి సందులకెళ్లి చూసిన. మంగన్న నిలబడ్డడు. పిలిస్తే పలుకడు. తల ఊపుతుండు, గిట్ల, గిట్ల. పక్కన నల్లగ ఒకడు, ఆయన భుజం మీద చెయ్యేసి నిలబడ్డడు!"

"అది దిష్టిబొమ్మరా, పిచ్చోడా," అన్నాడు మంగయ్య గొంగడి తీసి.

బిచ్యా ఆయన్ని చూసి మరో కేక పెట్టాడు. తేరుకున్నాక అడిగాడు. "బొమ్మైతే తల ఎట్ల ఊపుతదన్నా? పక్కనున్నది గూడ బొమ్మేనా?"

"పక్కనా? పక్కన నేనేం పెట్టలే."

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా బొజ్జయ్య చూసుకోలేదు. కాశయ్య బెంచీ మీద మెల్లగా దూరం జరిగాడు.

"నీ అంగీ తొడిగినవ్, నీ టోపీ పెట్టినవ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇగ పాణం ఒక్కటే తక్కువుండె. తీస్కపోనీకి వచ్చినోడు ఆడ ఆగిండంటే, పాణం ఆడ ఉన్నట్టే గద."

"మరి నేనెవరిని?"

"గదే మేం గూడ ఆలోచన చేస్తున్నం."

మంగయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చాయ్ పైసలు బల్ల మీద పెడితే బొజ్జయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వద్దన్నా. గ్లాసు గూడ నువ్వే తీస్కపో." చిల్లర కోసం పెళ్లివారితో కూడా తగువు పడే బొజ్జయ్య అట్లా అనేసరికి మంగయ్య మొదటిసారి తన చేతిని తనే గిల్లి చూసుకున్నాడు.

గ్లాసు పట్టుకొని ఒక్కడే ఇంటి దారి పట్టాడు. పనికి రమ్మంటే కాశయ్య రానన్నాడు. దారిలో ఒక కుక్క ఆయన్ని చూసి మొరగకుండా తోక ముడుచుకుంది. అప్పుడెప్పుడో బాయిలో కప్పు కూలిన సంగతి గుర్తొచ్చింది. దీపం ఆరిపోయి, నోట్లో బొగ్గు నిండి, ఇక అయిపోయిందనుకున్నాక ఎవరో కాళ్లు పట్టి బయటికి లాగారు. లాగింది తననేనా? నోరు తెరిచి ఊదాడు. ఆవిరి వచ్చిందో, మంచే అట్లా ఉందో తెలియలేదు. మంగయ్యకు ఏడుపొచ్చింది. చచ్చినందుకు కాదు, బతుకమ్మ వచ్చే రోజే చచ్చినందుకు.

ఇంటి ముందుకు వచ్చేసరికి దడి సందుల్లోంచి తన టోపీ, తన చొక్కా కనబడ్డాయి. బొమ్మే, తాను కట్టిన బొమ్మే. ధైర్యం తెచ్చుకొని ఒక అడుగు వేశాడు. కుండ తల మెల్లగా ఇటు తిరిగింది. రెండుసార్లు ఊగింది. తర్వాత ఎవరో కింది నుంచి లాగినట్టు బొమ్మంతా గోడ వెనక్కి దిగిపోయింది. గోడ వెనక ఏం జరుగుతోందో కనబడదు. పండుగ భోజనం చేస్తున్నట్టు చప్పరింపు మాత్రం వినబడుతోంది.

మంగయ్య రోడ్డు మీదే నిలబడిపోయాడు. ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. బస్సు హారన్ వినబడింది. కాసేపటికి మంచులోంచి బతుకమ్మ వచ్చింది, ఆమెకు బాగా వెనకగా ఊళ్లో సగం మంది. బస్సు దిగగానే బొజ్జయ్య ఎదురెళ్లి, "గుండె దిటవు చేస్కో అక్కా. అన్న పోయిండు. ఇప్పుడే చాయ్ తాగి పోయిండు," అని చెప్పాడట.

"దగ్గరికి పోకక్కా!" అని బిచ్యా అరిచాడు.

బతుకమ్మ నేరుగా వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"సల్లగున్నది," అంది.

"మంచుల నిలబడ్డ గదనే," అన్నాడు మంగయ్య. ఆ మాట ఆయనకే నమ్మకంగా వినబడలేదు.

బతుకమ్మ ముందుకు వంగి మొహం దగ్గర వాసన చూసింది. "బీడీలు మానేసిన అని చెప్పి పంపినవ్ గద?"

మంగయ్య తల దించుకున్నాడు.

బతుకమ్మ జనం వైపు తిరిగింది. "చచ్చినోళ్లు గిన్ని అబద్ధాలాడరు. ఈయన బతికే ఉన్నడు. నడువుండ్రి."

ఎవరూ నడవలేదు. బతుకమ్మే సంచి కింద పెట్టి, పట్టిన చెయ్యి వదలకుండా మొగుణ్ణి లాక్కుంటూ గోడ దగ్గరికి వెళ్లి దడి సందుకు కన్ను ఆనించింది. లోపల చప్పరింపు ఆగిపోయింది. గోడ అవతల బొమ్మ టోపీ లేచింది. దాని పక్కనే, దానికంటే ఎత్తుగా, నల్లగా, ఒళ్లంతా జుట్టుతో మరొకటి లేచింది. పొడుగాటి మూతి దడి సందులో దూరి గాలి పీల్చింది. ఇప్పపువ్వు వాసన వేసే వెచ్చటి ఊపిరి బతుకమ్మ ముఖానికి తగిలింది.

వెనక ఉన్న జనం ఎప్పుడు మాయమయ్యారో తెలియదు. బొజ్జయ్య చెప్పులు మాత్రం రోడ్డు మీద మిగిలాయి. మంగయ్య కూడా పరుగు తీయబోయాడు గానీ ఆయన చెయ్యి ఇంకా పెళ్లాం చేతిలోనే ఉంది. గుడ్డెలుగు ఇద్దరినీ ఒకసారి చూసింది. తర్వాత మంగయ్య చొక్కా తొడిగిన గోతాన్ని చంకన పెట్టుకున్నట్టు పట్టుకొని, తెరిచి ఉన్న పక్క నుంచి అడవిలోకి తాపీగా వెళ్లిపోయింది. టోపీ దొర్లుకుంటూ వసారా దగ్గర ఆగింది.

చాలాసేపటికి ఇద్దరూ లోపలికి వెళ్లారు. మెత్తటి మట్టిలో అడుగులు పడి ఉన్నాయి. మడమ, వేళ్లు, అచ్చం మనిషి పాదంలాగే. వేళ్ల కొనల దగ్గర మాత్రం గోళ్లు గుచ్చుకున్న గుంటలు. మంగయ్య వాటిని చూశాడు, వసారాలో తన మంచాన్ని చూశాడు, మూలనున్న చీపురును చూశాడు. చెరపని చోట మంచం కాళ్ల పక్కన పాత గుర్తులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. తలగడ వైపు నేల గట్టిపడిపోయింది, చాలాసేపు కూర్చున్నట్టు.

"రోజూ వస్తుండెనా?" అంది బతుకమ్మ.

"బిచ్యా అనుకున్న," అన్నాడు మంగయ్య. "రేపే మనిషెత్తు గోడ కట్టిస్త. చీమ గూడ దూరదు. నువ్వు మాత్రం పోకే."

బతుకమ్మ సంచి తెచ్చి వసారాలో పెట్టింది. "గోడ వద్దు. ఇట్లనే ఉండనీ, అడివి దిక్కు గూడ ఇట్లనే కట్టించు. సందుంది గాబట్టి అది నా కంటికి కనవడ్డది. కనవడేదాన్ని కర్రతోనన్న అదిలియ్యొచ్చు. కనవడకుండ గోడెనక కూసున్నదానితోని కాపురం నాతోని కాదు. అయినా గోడ కట్టినంక, అది బయటున్నదో లోపలున్నదో ఎవలు చూసిండ్రు?"

ఆ మాటతో మంగయ్య మంచం ఆ పూటే గదిలోకి మారింది. బతుకమ్మ పొద్దున్నే దడి దగ్గర పీట వేసుకొని, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ కూరలు తరుగుతుంది. ముప్పై ఏళ్ల గోడల కష్టం చూసిన మంగయ్య మాత్రం నాలుగు గోడల మధ్య తలుపు బిగించుకొని పడుకుంటున్నాడు. ఉన్న ఒక్క కిటికీ కూడా పూడ్చడానికి ఎన్ని ఇటుకలు పడతాయని కాశయ్యను అడుగుతున్నాడట.