ఏడో కనుమకు క్షమాపణ

కురమోచి తెత్సుయా ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు ఆఫీసులో తన గేమ్ తరఫున వాదించాలి. ఒంటిగంటకు కవగోయెలో భార్య పెద్దమ్మ సంవత్సరీకానికి వెళ్లాలి. మధ్యలో ఇంటికొచ్చి బట్టలు మార్చుకునే తీరిక ఉండదు కాబట్టి అలాంటి కార్యాలకు వేసుకునే నల్లసూటు పొద్దున్నే తొడుక్కున్నాడు. గుళ్లో పెద్దమ్మ పటం ముందు పెట్టమని భార్య సనాయె యోకన్ మిఠాయి డబ్బా చేతికిచ్చింది. పేరున్న కొట్టుది, ఇటుకంత బరువుంది. రైల్లో మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పింది. అతను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ కథే లేదు.

ఆ గేమ్ పేరు 'ఏడు కనుమలు'. పదకొండు మంది నాలుగేళ్లు కూర్చుని తయారుచేసిన కంప్యూటర్ ఆట. అందులో నాలుగు వందల మంది ఊరివాళ్లుంటారు, ఒక్కొక్కరికీ జ్ఞాపకశక్తి ఉంటుంది. వసంతంలో పడవవాడితో అబద్ధమాడితే ఆకులు రాలే కాలంలో వాడు ఏరు దాటించడు. ఆడేవాడి చేతికి కత్తి రావడానికే పదిహేను గంటలు పడుతుంది. సంస్థ మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోతాయనుకుంటే పంతొమ్మిది వేలు పోయాయి. కథ ఆరో కనుమ దగ్గర ఆగి ఉంది. ఏడో కనుమను, అంటే ఆఖరి భాగాన్ని, పూర్తి చేయాలా ఆపేయాలా అన్నది ఆ రోజే తేలాలి. ఆపేస్తే పదకొండు మందినీ తలా ఒక ఫోన్ పేకాట తయారీలోకి తోసేస్తారు. కురమోచికి అది కడుపుకోత. ఇరవై రెండు పేజీల వాదన రాసుకుని, రైల్లో పెదవులు కదుపుతూ కంఠస్థం చేస్తూ వచ్చాడు.

ఆ ధ్యాసలో తన అవతారం ఎలా ఉందో అతనికి తట్టలేదు. నల్లసూటు వేసుకుని, ఆ కొట్టు కాగితం చుట్టిన యోకన్ డబ్బాను రెండు చేతులా పట్టుకుని పై అధికారి బల్ల ముందు నిలబడిన మనిషికి టోక్యో ఆఫీసుల్లో ఒకటే అర్థం. ఘోరం జరిగింది, క్షమాపణకు వచ్చాడు. మిఠాయి ఎంత బరువైతే నేరం అంత పెద్దది. విభాగాధిపతి ఉన్నో గారు ఆ డబ్బాను చూడగానే చేతిలో టీ కప్పు కింద పెట్టేశారు.

కాగితాలు తీయడానికి చేతులు ఖాళీ కావాలి కదా అని కురమోచి డబ్బాను ఆయన బల్ల మీద పెట్టాడు. "గేమ్ గురించి మీతో మాట్లాడాలండీ. నిజానికి ఎప్పుడో చెప్పాల్సింది," అన్నాడు.

ఏం జరిగిందని అడిగితే ఒక్క మాటతో పోయేది. ఉన్నో గారు అడగలేరు. ఆ గేమ్‌కు నాలుగేళ్లలో ముప్పైచోట్ల ఆమోదముద్ర వేసిన మనిషి, మొదటి ఊరు దాటి ఆడిన పాపాన పోలేదు. ఏం జరిగిందని అడిగితే ఆ సంగతి బయటపడుతుంది. తేలుకుట్టిన దొంగలా కూర్చుని, గొంతు తగ్గించారు.

"ఎంతమందికి తెలుసయ్యా?"

"పంతొమ్మిది వేల మందికే," అన్నాడు కురమోచి బాధగా. "అందరికీ తెలియాలి. అదే నా తపన."

ఉన్నో గారు లేచి కోటు గుండీలు పెట్టుకున్నారు. డబ్బాను తనే రెండు చేతులా ఎత్తుకున్నారు. కింది ఉద్యోగి తప్పుకు పై అధికారి కూడా తల వంచడం అక్కడి మర్యాద. ఇద్దరూ కలిసి డైరెక్టర్ నిషిగాకి గారి గదిలోకి వెళ్లారు. ఉన్నో గారు నడుము విరిగేలా వంగారు. ఆఖరి భాగం కోసం ఈయన ఇంతగా బతిమాలుతున్నారా అని కురమోచి మనసు కరిగిపోయి, తనూ వంగాడు.

నిషిగాకి గారు ఆ గేమ్‌ను దాని అట్టపెట్టె మీది బొమ్మగా మాత్రమే ఎరుగుదురు. అందువల్ల ఆయనా అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తను ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారో మనసులో తడుముకున్నారు. "ముందు తప్పు ఒప్పేసుకుందాం. వివరాలు తర్వాత," అని, డబ్బా తన చేతిలోకి తీసుకున్నారు. తప్పేమిటో కురమోచికి అంతుబట్టలేదు. పది గంటల మీటింగ్ అయిదో అంతస్తులో అయితే పదకొండో అంతస్తుకు ఎందుకు ఎక్కుతున్నామో అసలే అంతుబట్టలేదు.

అధ్యక్షురాలు హతకెయామా గారు గుమ్మంలో మూడు వంగిన తలల్నీ ఒక డబ్బానీ చూశారు. ఒక తల వస్తే విభాగం సంగతి. మూడు వచ్చాయంటే రేపు పేపర్లో పడే సంగతి.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?" అని ఆమె కురమోచినే అడిగారు.

"మొదటి రోజునుంచీ తెలుసండీ. లోకం ఒప్పుకోదేమోనని భయం ఉండేది. అయినా ఆపలేదు," అన్నాడతను, ఆట నిదానం గురించి అడుగుతున్నారనుకుని.

ఆమె కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు కురమోచికి లీలగా ఏదో తట్టింది. గదిలో ఎవరూ ఆఖరి భాగం గురించి మాట్లాడటం లేదు. తల ఎత్తి, "నేను క్షమాపణకు రాలేదండీ. ఈ గేమ్‌లో ఏ తప్పూ లేదు. మనిషి చెప్పిన మాట ఇంకో మనిషి గుర్తుపెట్టుకునే ఆట ఇది. నాకు ఇదంటే ప్రాణం," అన్నాడు. ఆ తర్వాతి ఇరవై రెండు పేజీలు చెప్పేలోగా ఉన్నో గారి అరచెయ్యి మెడ మీద పడి తల కిందికి వంచేసింది.

చేసినవాడు పశ్చాత్తాపపడకపోతే సంస్థే పడాలి. సంస్థ లాయరు గారు ఫోన్లోనే సలహా ఇచ్చారు, తప్పేమిటో పేర్కొనకపోవడం క్షేమమని. ఆ సలహా అందరికీ ప్రాణం పోసింది. పన్నెండింటికల్లా ప్రకటన వెలువడింది: 'ఏడు కనుమలు గేమ్ విషయంలో జరిగినదానికి మేము మనస్ఫూర్తిగా క్షమాపణలు కోరుతున్నాము.'

కవగోయె గుడికి కురమోచి ఒట్టి చేతులతో చేరేసరికి చుట్టాలంతా ఫోన్లలో ఆ ప్రకటన చదివేశారు. పోయినావిడ పటం వంక ఎవరూ చూడలేదు, అతని వంకే చూశారు. సనాయె పక్కకు లాగి, "అసలేం చేశారండీ?" అంది.

"వాదించాను," అన్నాడు.

"వాదిస్తే ఇంతమంది క్షమాపణ చెబుతారా?"

అతను పంతులుగారి మంత్రాలు అయ్యేవరకూ అదే ఆలోచిస్తూ కూర్చున్నాడు.

ఇక దేశం ఊరుకుంటుందా? తప్పుందన్నారు, ఎక్కడో చెప్పలేదు. వెతుకుదామని జనం గేమ్ కొన్నారు. వారంలో నలభై వేలు, నెలలో రెండు లక్షలు. తప్పు దొరకాలంటే ప్రతి ఊరూ తిరగాలి, నాలుగు వందల మందితోనూ మాట్లాడాలి. అంతకుముందు కత్తి రాలేదని తిట్టినవాళ్లే ఇప్పుడు పడవవాడితో గంటలు గంటలు కబుర్లు చెప్పారు. నీగతా నుంచి ఒక రిటైరైన పోస్ట్‌మాన్ ఉత్తరం రాశాడు: 'ఎనభై గంటలు వెతికాను. మా అమ్మకు దగ్గని ఎప్పుడో పడవవాడితో అన్నాను, నేనే మరిచిపోయాను. మొన్న ఆటలో చలికాలం వచ్చాక, దగ్గు తగ్గిందా అని వాడే అడిగాడు. తప్పు మాత్రం దొరకలేదు. తర్వాతి భాగం ఎప్పుడు?' కురమోచి ఆ ఉత్తరం పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు. నాలుగేళ్లుగా అతను వినాలనుకున్న మాట అదే.

ఏడో కనుమకు ఆమోదం వచ్చింది. పదకొండు మందీ ఎక్కడివాళ్లు అక్కడే ఉండవచ్చు. గేమ్‌లో లోపాలు వెతికే ఇసోబె అనే అమ్మాయి ఆమోదపత్రం చదువుతూ మూడో షరతు దగ్గర ఆగింది. అమ్మకాలకు మూలమైన ఆ తప్పును ఎట్టి పరిస్థితుల్లోనూ సరిదిద్దరాదని అందులో ఉంది. కింద ముగ్గురు పై అధికారుల ముద్రలున్నాయి.

"ఏ తప్పు సార్?" అని అడిగింది.

"తెలియదమ్మా," అన్నాడు కురమోచి. "అందుకే దేన్నీ ముట్టుకోకు."