శిక్షణ పొందిన పరామర్శ

తగిన శిక్షణ లేకుండా సభ్యులెవరూ రోగులను పరామర్శించరాదని ఆ లూథరన్ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, ప్రతిని గుడి తలుపుకు అతికించింది. తలుపులకు కాగితాలు అతికించడం లూథర్ కాలం నుంచీ వాళ్లకు వంశపారంపర్యంగా వచ్చిన విద్యేనని మీకు తెలియనిది కాదు. అంతకుముందు ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా జనం చెప్పులు తొడుక్కుని నేరుగా వెళ్లిపోయేవారు. ఒక పద్ధతంటూ లేని రోజులవి.

ఈ మార్పుకు కారణం కేంద్ర కార్యాలయం పంపిన పదకొండు అట్టపెట్టెలు. వాటి మీద 'పరిచర్య వనరులు' అని ముద్ర ఉంది. పరామర్శకు మూడు సంపుటాలు, బోధనకు నాలుగు. మిగిలినవన్నీ ఈ ఏడింటినీ ఎలా చదవాలో వివరించేవి. రోగి మంచానికి ఎంత దూరంలో కూర్చోవాలో కొలతలతో బొమ్మ ఉంది. సానుభూతిగా తల ఊపడానికి విడిగా ఒక అధ్యాయమే ఉంది.

పాస్టరు అయ్యగారి మనసు మాత్రం గుడికి రెండు వీధుల అవతల ఉంది. అక్కడ టీచరమ్మ మంచం పట్టి ఐదు వారాలైంది. నలభై ఏళ్లు ఆదివారపు బడి నడిపి, సంఘంలో సగం మందికి, అయ్యగారితో సహా, పరలోక ప్రార్థన నేర్పిన మనిషి. ఆవిడ కూతురు రెండుసార్లు వచ్చి వెళ్లింది.

"అమ్మ ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకుంటానంటోందండీ. మీరొచ్చి కాసేపు కూర్చుంటే చాలట."

రెండోసారి అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఉన్న సంస్కారపు సంచి భుజాన వేసుకున్నారు కూడా. సంఘ కార్యదర్శి గుమ్మంలోనే అడ్డుపడ్డారు.

"అయ్యగారూ, మీరే నియమం తప్పితే ఇంక మాకెవరు దిక్కు? పన్నెండు పాఠాల్లో మీకింకా ఏడున్నాయి."

అయ్యగారు నెమ్మదస్తులు. సంచి దింపేశారు. సంఘాన్ని నొప్పించకపోవడం కూడా పరిచర్యేనని సర్దిచెప్పుకున్నారు. చూపు ఆ సంచి మీదే నిలిచిపోయింది గాని, దానికి సంపుటాల్లో అధ్యాయం లేదు.

ఆరో పాఠం ఆచరణ. ఆచరణకు రోగి కావాలి. ఎవరో టీచరమ్మ పేరు చెప్పబోయారు. నిజమైన రోగి దగ్గర పొరపాటు జరిగితే సంఘానికి చెడ్డపేరని కార్యదర్శి కొట్టిపారేసి, రోగిగా పడుకునే త్యాగం తానే చేస్తానన్నారు. చప్పట్లు మోగాయి. హాల్లో మంచం వేశారు. నలభై మంది వరుసగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు, దుప్పటి సర్దారు, పళ్లు ఒలిచి పెట్టారు, కీర్తనలు పాడారు. ఒకావిడ నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. రెండో రోజుకు కార్యదర్శి మూలగడంలో ఆరితేరారు. మూడో రోజు లేవమంటే నీరసంగా ఉందన్నారు. పాఠాన్ని మరో వారం పొడిగించారు.

ఆ వారం చివర్లో అయ్యగారి వంతు వచ్చింది. బొమ్మలో చూపిన దూరంలో కూర్చుని, పుస్తకంలోని ప్రశ్న అడిగారు.

"ఇప్పుడు మీ మనసులో ఏముందండీ?"

"దిండు కాస్త పైకి జరపండి," అన్నారు కార్యదర్శి.

అయ్యగారికి సిగ్గేసింది. దిండు జరిపి, పుస్తకం దాని పక్కన పడేసి, సంచి తీసుకుని బయటికి నడిచారు. వెనక నుంచి ఎవరో నియమాలు గుర్తుచేస్తున్నా ఆగలేదు. టీచరమ్మ ఇల్లు ఏడు నిమిషాల నడక.

కూతురు వాకిట్లోనే ఎదురైంది.

"ఇప్పుడే పోయిందండీ. మీరొస్తారని పొద్దున్నుంచీ తలుపు వేయనివ్వలేదు."

అయ్యగారు సంచిని గుండెకు హత్తుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

చావుకు శిక్షణ అక్కర్లేదు. గంట తిరక్కుండా నలభై మందీ వచ్చేశారు. అందరికంటే ముందు కార్యదర్శి వచ్చారు; నీరసం ఎప్పుడు తగ్గిందో ఎవరూ అడగలేదు. వాకిట్లో నిలబడి గంభీరంగా ప్రసంగించారు.

"ఆమె లేని లోటు తీరనిది. చివరి క్షణం దాకా మన సంఘం ఆమెను మనసులో పరామర్శిస్తూనే ఉంది."

జనం ఇంట్లో పట్టక వీధిలోకి పొంగారు. టీచరమ్మ కూతురు చేతులు జోడించింది.

"కూర్చోమనడానికి కుర్చీల్లేవండీ. ఈ ఏడు వారాలూ అమ్మ మంచం పక్కన ఒక్కటే వేసి ఉంచాం. అందులో ఎవరూ కూర్చోలేదు."

అయ్యగారు తల దించుకున్నారు. కార్యదర్శి మాత్రం జేబులోంచి కాగితం తీసి శ్రద్ధగా రాసుకున్నారు: "వనరుల కొరత: కుర్చీలు."