పద్నాలుగో బెడ్డుకు ఒక్క స్టారు

ఫార్మకాలజీ పుస్తకాలన్నీ తూకానికి వేసేయండి! నర్సింగ్ కాలేజీల వాళ్లు ఇంకా ఆ లావుపాటి పుస్తకాలతో పిల్లల నడుములు ఎందుకు విరగ్గొడుతున్నారో నాకు అర్థం కాదు. ఆస్పత్రిలో మంచం పక్కన గోడకు క్యూఆర్ కోడ్ అంటించి ఉండగా ఆ చదువు దేనికండీ? స్కాన్ చేయండి, స్టార్లు నొక్కండి, వైద్యం దానంతటదే బాగుపడుతుంది.

నమ్మరా? అమీర్‌పేటలో మందులు తెలిసినవాళ్లు గల్లీకి పదిమంది. లేడీస్ హాస్టల్ రుద్రమ్మ ఏ పిల్ల తుమ్మినా యాంటీబయాటిక్ రెండు రోజులు మింగిస్తుంది, మిగిలిన గోలీలు తర్వాత తుమ్మబోయే పిల్లకు దాస్తుంది. మా మెడికల్ షాపు మహిపాల్‌ను "మొన్నటి తెల్లగోలీ ఇయ్యి" అంటే చాలు, ఏ మొన్నో కూడా అడగడు. ఇంతమంది పండితులున్న ఊళ్లో మళ్లీ నర్సు కూడా చదవాలా?

ఈ సంగతి తెలియని అమాయకురాలు బిందు. నర్సింగ్ రెండో ఏడు, యూసుఫ్‌గూడలో బట్టలు కుట్టే రాజమల్లు కూతురు. పంజాగుట్ట వైపు ఒక ఆస్పత్రిలో ఆమెకు వార్డు పోస్టింగ్ వేశారు. అక్కడి డ్యూటీ గంటలు నిండితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. అందుకని పిల్ల వేళ్లు ముడుచుకుంటూ పాఠం అప్పజెప్పుకునేది: సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (నోటికా, సూదికా), సరైన వేళ. మొదటి వేలు దగ్గర కాసేపు ఆగేది. తండ్రి షాపులో చిన్నప్పటి నుంచి విన్న మాట ఒకటుంది: "పేరు రాసుకోకుండ గుడ్డకు కత్తెర పెట్టకు బిడ్డా. కత్తిరిచ్చినంక ఏం చేసినా లాభం లేదు."

అందుకే ప్రతి మంచం దగ్గరా సూది ఇచ్చే ముందు "మీ పేరేంది సార్?" అని అడిగేది. "మీరు ఫలానాయన కదా?" అని మాత్రం అనేది కాదు. అలా అంటే మనవాళ్లు మర్యాదకైనా "ఆఁ" అంటారని ఆమెకు తెలుసు. పొద్దున అడిగింది, మధ్యాహ్నం అడిగింది, మర్నాడు మళ్లీ అడిగింది. పెళ్లిచూపుల్లో కూడా పేరు ఒక్కసారే అడుగుతారు కదండీ!

ఆ రోజు భోజనాలకు ముందు ఇన్‌చార్జి సిస్టర్ విజయరాణి ట్రే చేతికిచ్చి, "పద్నాలుగుకు ఇన్సులిన్. జల్ది ఇచ్చి రా" అంది. వార్డులో మనుషులకు పేర్లుండవు, మంచాల నంబర్లే. పద్నాలుగు షుగర్ పేషెంట్ రాజనర్సయ్యది. కానీ దాని మీద ఫోన్లో తల దూర్చి కూర్చున్నది పదిహేను పెద్దమనిషి. జ్వరంతో చేరాడు, షుగర్ లేదు. తన మంచం దగ్గర ప్లగ్గు పనిచేయక, ఛార్జింగ్ కోసం రాజనర్సయ్యను బతిమాలి మంచం మార్చుకున్నాడు. రాజనర్సయ్యకు కిటికీ గాలి దొరికింది. ఇద్దరూ ఖుష్! పైగా చేతికి కట్టిన పేరు పట్టీ దురద పెడుతోందని పెద్దమనిషి దాన్ని తీసి దిండు కింద పెట్టాడు.

"మీ పేరేంది సార్?" అంది బిందు.

పెద్దమనిషి తలెత్తకుండా చేయి చాపాడు. "మూడు రోజుల సంది గదే అడుగుతున్నవ్. గోడకు రాసి ఉన్నది, సదువుకో."

"గోడ మీద చూసిన సార్. మీరు చెప్పుండ్రి."

"సూది ఇస్తవా, మీ పెద్దసార్‌ను పిలువాల్నా?"

వెనక నుంచి విజయరాణి కేక వేసింది. "గింత సేపా బిందూ? ఇచ్చెయ్, ఇంకా పన్నెండు మంది ఉన్నరు!"

ఎవరైనా అక్కడ ఇచ్చేస్తారు. బిందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ సూది ట్రేలోంచి లేవలేదు. "పేరు చెప్పకుంటె నేను ఇయ్య సార్" అంది. వార్డంతా ఇటే చూసింది. పెద్దమనిషి ఒళ్లు మండి తన పేరు ఇంటిపేరుతో సహా అరిచాడు. అది రాజనర్సయ్య కాదు. బిందు ట్రే పట్టుకుని పక్క మంచానికి వెళ్లింది, నిద్రపోతున్నాయన్ని లేపి పేరడిగింది.

అంతమందిలో పరువు పోయిందని పెద్దమనిషి ఆ పద్నాలుగో మంచం పక్క గోడ మీది కోడ్ స్కాన్ చేసి ఒకే ఒక్క స్టారు కొట్టాడు. "ఈ నర్సుకు పేషెంట్ల పేర్లు కూడా తెలియవు" అని రాశాడు.

ఇక చూడండి అసలైన ఫార్మకాలజీ! మందు రక్తంలో కలుస్తుంది, ఒళ్లంతా పాకుతుంది, కాలేయంలో విరుగుతుంది, చివరికి బయటికి పోతుంది అని పాఠం. ఆ స్టారూ అంతే. పావుగంటలో మేనేజ్‌మెంట్‌లో కలిసింది. అరగంటలో వాట్సాప్ గ్రూపులన్నిటికీ పాకింది. సాయంత్రం మీటింగులో విరిగింది: ప్లగ్గు చూడటం తమ పని కాదని ఒకరు, మంచాలు మారడం తమకు తెలియదని ఇంకొకరు. చివరికి బయటికి పోయింది బిందు. పేషెంట్లను పదే పదే ప్రశ్నలతో విసిగించుట అని మెమో ఇచ్చి పోస్టింగ్ రద్దు చేశారు. ఈసారికి పరీక్ష లేనట్టే.

పెద్దమనిషి ఇంటికొచ్చాక మహిపాల్ షాపు ముందు నిలబడి ఈ విజయగాథ చెప్పుకున్నాడు. గోలీల స్ట్రిప్పు కత్తిరిస్తున్న మహిపాల్ చేయి ఆగిపోయింది. "అన్నా, షుగర్ లేనోనికి, అన్నం తినకముందు ఆ సూది పడితే ఏమైతదో ఎరుకేనా? ఆడనే కండ్లు తిరిగి పడుతుంటివి. మల్ల లేస్తుంటివో లేదో. పోయి ఆ పిల్లకు దండం పెట్టు."

ఆ పెద్దమనిషి ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. దిండు కింద పట్టీ సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అప్పుడే ఒక స్టారును ఐదు చేశాను. అదేం విచిత్రమో, ఐదు స్టార్లు ఎందులోనూ కలవలేదు, ఎక్కడికీ పాకలేదు! మర్నాడు ఆస్పత్రికే పరుగెత్తాను. హెల్ప్ డెస్కులో నరేశ్ అని బ్యాడ్జీ పెట్టుకున్నాయన ఉన్నాడు. బిందు నా ప్రాణం కాపాడిందని, తప్పు నాదేనని, ఆ మెమో తీసేయాలని, కావాలంటే సంతకం పెట్టి ఇస్తానని చెప్పాను. ఆయన చిరునవ్వుతో కంప్యూటర్ ముందుకు జరిగాడు. పేరు అడుగుతాడని, ఈసారి మర్యాదగా ఇంటిపేరుతో సహా చెబుదామని సిద్ధంగా నిలబడ్డాను.

"బెడ్ నంబర్ చెప్పండి సార్" అన్నాడు.

పద్నాలుగంటే కంప్యూటర్లో రాజనర్సయ్య పేరొస్తుంది. పదిహేనంటే అక్కడ ఏ ఫిర్యాదూ లేదంటాడు. మీరే చెప్పండి, నేనేం చెప్పను?